బండికీ ఓ పలుపు

ఏప్రిల్ 2, బుధవారం

బండి కొంటున్నాను. ఇవాళ అందరి ముందూ అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు.

బావగారు టీకి వచ్చారు. మా ఆయన ఎసెన్‌కి అన్న. అత్తింటి పెద్దవాళ్ళ పేరు నోటితో పలికి ఎరగను, రాయబోతే చెయ్యి కూడా రావడం లేదు. బావగారనే రాస్తాను. ఈ ఏడాది నా తేనెటీగల పెట్టెల్ని కొండ మీదికి ఎవరు చేర్చాలన్నది మాట. ఎసెన్ పోయిన దగ్గర్నుంచీ అవి బావగారి బండిలోనే వెళ్తున్నాయి. కిందటేడు తెల్లారేసరికి వస్తానన్న బండి ఏదో పెళ్ళి విందులో చిక్కుకుని పొద్దెక్కాక వచ్చింది. అప్పటికే పెట్టెల మూతులు బిగించి ఉన్నాయి. ఎండకి లోపల మైనం కరిగి, ఈగలు అందులోనే ఉడికిపోయాయి. సగం పెట్టెలు పోయాయి. మూత తీసినప్పుడు వచ్చిన వాసన నాకిప్పటికీ అన్నం దగ్గర గుర్తొస్తుంది.

కిందటేటి సంగతి కిందటేడే పోయింది కదా అమ్మాయ్ అన్నారు. పెట్టెలు మావాటిల్లో కలిపేయ్, నువ్వు నీడన కూర్చుని సీసాలు నింపుకో, ఒంటరి ఆడమనిషివి కొండెక్కి ఏం చేస్తావ్ అన్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. అదే నాకు మండింది. సొంత బండి కొంటున్నా అన్నాను.

ముందు నవ్వారు. తర్వాత రొట్టెముక్క కింద పెట్టి, సరే అయితే విను అన్నారు. కొండ మీద ఎస్పార్సెట్ గడ్డి పూసేలోపు నీ పెట్టెలు నీ బండిలో కోక్-సాయ్ చేరితే జన్మలో ఈ మాట ఎత్తను, ఒక్క పువ్వు ముందు పూసినా పెట్టెలు నావి అన్నారు. ఆ పూల మీదే మా ఏడాది తేనె. అవి పూసే నాటికి అక్కడ లేనివాడు ఈగల్ని పెంచుతున్నట్టు కాదు. అందుకని పందెం న్యాయంగానే ఉంది.

పూసిందో లేదో ఎవరు చెప్తారు అన్నాను. అమ్మ చెప్తుంది, నీకు అత్త నాకు తల్లి, ఇద్దరికీ పెద్ద అన్నారు. అత్తమ్మ అంతసేపూ టీ ఊదుకుంటూ ఉంది. కోక్-సాయ్ దాకా రావాలంటే ముందు సీటు నాదే, కిటికీ పక్కన అంది.

అత్తమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. పంచదార టీలో పడుతోందో బల్ల మీద పడుతోందో తెలియదు. ఆపరేషన్ అంటే మాత్రం చెంచా విసురుతుంది. మంచి తీర్పరే దొరికింది మాకు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఎర్ర గుర్రాన్ని అమ్మేశాను. ఎసెన్ దాని మీదే తిరిగేవాడు. కొన్నవాడు మర్యాద తెలిసినవాడు, తన పలుపు తనే తెచ్చుకున్నాడు. మా పలుపు విప్పి నేనుంచుకున్నాను. జంతువు వెళ్ళిపోవచ్చు గానీ ఇంటి కుత్, ఆ కలిసొచ్చే గుణం, దాని వెంట పోకూడదు, అందుకే అమ్మినవాళ్ళు పలుపు ఉంచుకుంటారు. అత్తమ్మ తడుముకుంటూ వచ్చి దాని మూతి తడిని తలగుడ్డ కొంగుతో తుడిచి ఆ కొంగు ముడేసుకుంది. కుత్ అక్కడుందని ఆవిడ ధైర్యం.

పలుపు తలుపు పక్క మేకుకి తగిలించాను. చెమటా తోలూ కలిసిన వాసన. రాత్రి అన్నం సయించలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

ఊళ్ళో అందరికీ నా బండి గురించి తెలుసు, నాకు తప్ప.

ఏప్రిల్ 20, ఆదివారం

జలాలాబాద్ బండ్ల సంత. అత్తమ్మ వస్తానంది. నీకేం కనపడుతుంది అంటే, గుర్రాన్ని చేత్తో చూస్తారు, కళ్ళతో చూసేవాళ్ళు మోసపోతారు అంది. షేర్ వ్యాన్‌లో దారి పొడుగునా పక్కవాళ్ళందరికీ మేము బండి కొనబోతున్నామని చెప్పింది.

తెల్లటి కొరియా పికప్ ఒకటి చూశాం. కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. అమ్మేవాడు అక్కా అక్కా అంటూ ఊపిరి తీసుకోనివ్వలేదు. ఒక్క చేతి మీదే నడిచిందట, ఒక డాక్టర్‌గారి బండట, ఆయన దీన్ని ఆదివారాలు మాత్రమే తీసేవాడట. పికప్‌తో డాక్టర్‌కేం పని అని అడిగితే వినపడనట్టు టైర్లు తన్ని చూపించాడు.

అత్తమ్మ బానెట్ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. ఒరే అబ్బాయ్, మేము రాకముందే దీన్ని పరిగెత్తించావేం అంది. పొద్దున చలికి స్టార్ట్ కాదనేగా ముందే కాచి పెట్టావు అంది. వాడు అబ్బే అన్నాడు. ఆవిడ గోరుతో బండి అంచు గీకింది. రంగు కింద తుప్పు పొరలు పొరలుగా రాలింది. పైన పటారం లోన లొటారం అని నలుగురికీ వినపడేలా అంది. వాడు మమ్మల్ని అక్కా అనడం అక్కడితో మానేశాడు.

ఇంకొకటి బాగుంది. నిజంగానే బాగుంది. జపాన్ బండి, చల్లటి ఇంజిన్, ఒక్క తిప్పుకి లేచింది, పని చేస్తున్నంతసేపూ వణుకు లేదు. వెనక సరుకు బల్ల మీద టీ గిన్నె పెడితే టీ కదల్లేదు. ఈగలకి కావలసింది అదే. కానీ స్టీరింగ్ కుడి పక్కన ఉంది. మా రోడ్ల మీద ముందు లారీని దాటాలంటే ఎడమ సీటులో కూర్చున్నవాళ్ళు తొంగిచూసి, రా, ఖాళీ, అని చెప్పాలి. ఈ బండి నడిపేవాళ్ళందరికీ పక్కన ఒక మనిషి ఉంటాడు.

నేను చూసి చెప్తాలే అంది అత్తమ్మ. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని నవ్వాం. ఆవిడ నా వైపు చూసిందనే అనుకుంటున్నాను.

తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో కాసేపు ఏడ్చాను. అత్తమ్మకి కనపడదు కదా అని మొహం దాచుకోలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

బావగారు తనే ఒక బండి తెచ్చారు. స్నేహితుడిదట. పందెం కట్టింది మీరేగా, బండి తెచ్చేదీ మీరేనా అంటే, ఓడిపోయినా నువ్వు మా ఇంటిదానివే, పనికిమాలిన బండిలో పోయి లోయలో పడితే నాకు మాట అన్నారు.

పెద్ద బండి, గట్టిది, ఎద్దులా ఉంది. నేను రాళ్ళు నింపిన పెట్టె ఒకటి సిద్ధంగా పెట్టుకున్నాను, తేనె పెట్టె అంత బరువు. దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టబోయాను. బల్ల నా భుజాల ఎత్తు. పెట్టలేకపోయాను. స్నేహితుడు పక్కకి తిరిగి నవ్వాడు. ఎత్తడానికి మనుషుల్ని పెట్టుకోవచ్చుగా అన్నారు బావగారు. మనుషుల కోసం చూసే గదండీ కిందటేడు అలా అయింది అన్నాను. ఆ మాట అనకూడదు. ఆయన మొహం చిన్నబోయింది, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

అన్నందుకు బాధగానే ఉంది. వెనక్కి మాత్రం తీసుకోను.

మే 3, శనివారం

నాకు కావలసినవి. బల్ల నా నడుం ఎత్తులో ఉండాలి. మూడు పక్కలా రేకులు దిగాలి. వణకకూడదు. స్టీరింగ్ ఎడమ పక్క ఉండాలి. ఇంత చిన్న కోరికలకి ఇన్ని ఆదివారాలా.

మే 11, ఆదివారం

దొరికింది.

సారీ-కామిష్‌లో సాతార్ అనే పెద్దాయన. సంతలో కాదు, తేనె కొనడానికి వచ్చిన ఒకావిడ చెప్పింది. ఆయనకి మోకాళ్ళు పోయాయి, క్లచ్ తొక్కలేకపోతున్నాడు. పదిహేనేళ్ళుగా గడ్డీ గొర్రెపిల్లలూ మోసిన చిన్న నీలం పికప్. రంగు వెలిసింది. సొట్టలు ఉన్న చోటే ఉన్నాయి, దాచలేదు. అత్తమ్మ బానెట్ మీద చెయ్యి పెట్టింది, రాయిలా చల్లగా ఉంది. స్టార్ట్ చెయ్యి అంది. మూడోసారికి లేచింది. ముసలి గుర్రం కూడా పొద్దున్నే దగ్గుతుంది, దగ్గనిదాన్ని నమ్మకూడదు అంది. రాళ్ళ పెట్టె నేనే ఎత్తాను, నేనే దించాను. టీ గిన్నెలో అలలు కొంచెం లేచాయి, ఒలకలేదు.

పెద్దాయన అంతసేపూ గోడకి ఆనుకుని మమ్మల్ని కాదు, బండిని చూస్తున్నాడు. దేనికమ్మా అన్నాడు. ఈగలకి బాబాయ్ అన్నాను. గొర్రెల వాసన ఈగలకి పడదు తెలుసా అన్నాడు. తెలుసు, కడుక్కుంటాను అన్నాను. అమ్ముకునేవాడు చెప్పే మాట కాదది. అక్కడే నా మనసు పడింది.

బేరం మొదలవగానే నా చెయ్యి పట్టుకున్నాడు. ధర కుదిరేదాకా వదల్లేదు. ఊపుతూనే ఉన్నాడు, భుజం ఊడొచ్చేట్టు. అత్తమ్మ మధ్యలో దూరి, ఇద్దరి చేతుల మీదా తన చెయ్యేసి, నీ మాట కాదు దాని మాట కాదు అని ఒక అంకె చెప్పింది. కుదిరింది. అందరం అరచేతులు పైకెత్తి దీవెన తీసుకున్నాం. కుత్ బోల్సున్, బండి నీకు అచ్చిరావాలి అన్నాడు. 

తాళం ఇచ్చాక సీటు కిందికి వంగి, గుడ్డలో చుట్టిన ఇనప వస్తువేదో తీసుకుని కోటు లోపల పెట్టుకున్నాడు. నా కోసం ఒకటి ఉంచుకుంటున్నా తల్లీ, ఏమనుకోకు అన్నాడు. అయ్యో ఉంచుకోండి బాబాయ్ అన్నాను. గుర్రమైతే పలుపు, బండికి ఏదో ఒకటి. ఏమిటని అడగలేదు. ఎదుటివాళ్ళు ఉంచుకునే కుత్‌ని వేలెత్తి అడుగుతామా.

ఇంటికి నేనే నడుపుకుంటూ వచ్చాను. అత్తమ్మ దారంతా కిటికీలోంచి చెయ్యి బయట పెట్టుకుని కూర్చుంది.

మే 12, సోమవారం

బల్లని బూడిదనీళ్ళతో కడిగాను, మళ్ళీ కడిగాను, గొర్రెలు పోలేదు. అత్తమ్మ ఈగల పొగడబ్బాలో ఎండు ఆర్చా కొమ్మలు వేసి ముట్టించింది. దిష్టికీ అదే, వాసనకీ అదే. బండి చుట్టూ తిరిగి నాలుగు చక్రాలకీ, ఇంజిన్‌కీ, నాకూ పొగ పట్టింది. కోడిని కోసి చక్రాలకి రక్తం చుక్కలు పెట్టాం. జాకీ చూశాను, ఉంది. స్పేర్ టైర్ చూశాను, గాలి ఉంది.

పొరుగింటివాళ్ళు వచ్చి కుత్ బోల్సున్ చెప్పి, కోడి తిని, ఇంత పాతదా అని వెళ్ళారు.

ఎర్ర గుర్రం పలుపు మేకు మీంచి తీసి బండి అద్దానికి కట్టాను. బండి ఊగినప్పుడల్లా అదీ ఊగుతుంది. పక్క సీటులో ఎవరో ఉన్నట్టే ఉంటుంది.

మే 25, ఆదివారం

కనుమ దాకా ఖాళీ బండితో వెళ్ళొచ్చాను. మలుపుల్లో రెండో గేర్. పెట్రోల్ మాత్రం విపరీతంగా తాగుతోంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అంది అత్తమ్మ.

బావగారు గేటు దగ్గర ఆగి బండిని చూశారు. చక్రాలు, అడుగు, అన్నీ. బాగోలేదనలేదు. ఆయన నోట అది పొగడ్తే.

జూన్ 8, ఆదివారం

కోక్-సాయ్ నుంచి వచ్చిన గొర్రెల కాపరి చెప్పాడు, ఎస్పార్సెట్ మొగ్గ మీద ఉందట. ఎండ ఇలాగే కాస్తే వారం. ఇక్కడ లోయలో అప్పుడే మంట.

జూన్ 13, శుక్రవారం

సాయంత్రం ఈగలన్నీ లోపలికి చేరాక మూతులు బిగించాను. పెట్టెలన్నీ నేనే ఎక్కించాను. ఒక్కటీ జారలేదు. తెల్లారుతూనే బయలుదేరతాం, ఎండ రాకముందు కనుమ దాటిపోవాలి. ఎసెన్ ఉంటే మూడు మాటలు తిట్టి, ఒక్కసారి వీపు తట్టేవాడు.

జూన్ 14, శనివారం, ఉదయం 8

రోడ్డు పక్కన కూర్చుని రాస్తున్నాను. చేతులకి ఏదో ఒక పని కావాలి.

కనుమకి చాలా కిందే వెనక టైర్ పోయింది. రాయి కోసేసింది. పర్వాలేదనుకున్నాను. జాకీ పెట్టాను, స్పేర్ దించాను. బోల్టులు విప్పే స్పానర్ లేదు. సీటు కింద లేదు, ఎక్కడా లేదు. వెళ్ళే బండినల్లా ఆపాను. అందరూ ఆగారు, పాపం, ఎవరి స్పానర్ వాళ్ళు తెచ్చారు. ఏదీ పట్టలేదు. ఒకటి వదులు, ఇంకొకటి ఎక్కదు. బొగ్గు లారీ డ్రైవర్ వంగి చూసి, అక్కా ఇవి కంపెనీ బోల్టులు కావు, ఎవరో దొంగల భయానికి చేయించుకున్నారు, చేయించుకున్నవాడి దగ్గరే దీని స్పానర్ ఉంటుంది అన్నాడు.

గుడ్డలో చుట్టిన ఇనప వస్తువు. కోటు లోపల పెట్టుకున్నాడు కదా.

అత్తమ్మకి చెప్పాను. మొహమాటానికి పోతే కడుపొచ్చిందట, అడగాల్సింది కదే అంది. నువ్వు మాత్రం అడిగావా అన్నాను. నేను ముసలిదాన్ని, నాకింకా మొహమాటం ఎక్కువ అంది.

ఎండ కొండ మీంచి దిగుతోంది. ఇంకా మా దాకా రాలేదు.

ఉదయం 9

వచ్చింది. పెట్టెల మీద తడిగుడ్డలు కప్పాను. చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నాయి. లోపల రొద మారింది. కిందటేడు విన్న రొద ఇదే.

ఉదయం 9 దాటాక

బావగారు వచ్చారు. తన గుడారం సామాన్లు వేసుకుని కొండకి పోతున్నారు, బండి సగం ఖాళీ. దిగి, బోల్టులు చూసి, పెట్టె మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశారు. ఆయనకీ గుర్తొచ్చింది. పెట్టెలు నా బండిలోకి మార్చేద్దాం అమ్మాయ్, పందెం సంగతి తర్వాత అన్నారు. తర్వాత ఏముంది. ఆయన బండిలో వెళ్తే నేను ఓడినట్టే. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఈగలు బతికితే చాలనిపించింది. నిజంగా అనిపించింది. సరేనండీ అని నోటిదాకా వచ్చింది.

అత్తమ్మ సీటులోంచే అరిచింది. ఇన్ని పెట్టెలు దించి ఎక్కించేసరికి అన్నీ చస్తాయి, మూతులు తియ్యవే పిచ్చిదానా, పెట్టెలకి కాళ్ళు లేవు గానీ ఈగలకి రెక్కలున్నాయి అంది.

తీశాను. అన్నీ, వరసగా, బండి మీదే. బావగారూ తీశారు, వలముసుగు లేకుండా. ఆకాశం నల్లబడింది. చెవి దగ్గరా చెంప మీదా కుట్టించుకున్నారు, చెయ్యి ఆపలేదు.

మధ్యాహ్నం 12

బతికాయి. రోడ్డు పక్క వాగు నీళ్ళ మీద వరసగా వాలి తాగుతున్నాయి. వచ్చే కార్లన్నీ అద్దాలు ఎత్తేసుకుని పోతున్నాయి. ట్రాఫిక్ పోలీసు ఒకాయన ఫైన్ రాస్తానని దిగి, టోపీ పట్టుకుని మళ్ళీ కారెక్కాడు.

అయితే ఇంక చీకటి పడి అవి గూటికి చేరేదాకా కదలడానికి లేదు. రేపటికి గానీ కోక్-సాయ్ చేరం.

స్పానర్ కోసం అత్తమ్మ బావగారినే పంపింది. నీ బండి ఖాళీగానే ఉందిగా, సారీ-కామిష్ వెళ్ళి దీని పలుపు పట్రా అంది. నేనా, పందెం వేసింది నేనమ్మా అన్నారాయన. కిందటేడు విందు కోసం ఇంతకన్నా దూరం వెళ్ళావు అంది.  సామాన్లు నా పక్కన దించేసి బండి తిప్పారు.

ఉంచుకోమన్న కుత్‌ని తిరిగి ఇమ్మనడం ఎంత తప్పో నాకు తెలుసు. ఆయన వెళ్తుంటే పరిగెత్తి అద్దానికున్న పలుపు విప్పి ఇవ్వబోయాను. వద్దు, ఇలాంటివి ఒకరి చేతిలోంచి ఒకరికి వెళ్ళాలి, మధ్యలో నేనెవర్ని అన్నారు.

సాయంత్రం 7

పెద్దాయన తనే వచ్చాడు. స్పానర్ ఎవరికీ ఇవ్వనన్నాడట, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట దారంతా. దిగి, మోకాళ్ళు పట్టుకుని, ముందు బండి దగ్గరికి వెళ్ళాడు. రేకు మీద తట్టాడు. తర్వాత నన్ను చూసి, అడక్కూడదా తల్లీ అన్నాడు. అడక్కూడదు కదా బాబాయ్ అన్నాను. నిజమే, నేను చెప్పకూడదు, నువ్వు అడక్కూడదు, ఇద్దరం మర్యాదస్తులమే, బండి మాత్రం రోడ్డు మీద ఉంది అన్నాడు. ఆ బోల్టులు చేయించి ఎన్నేళ్ళయిందో, వేరే స్పానర్ పట్టదన్న సంగతే మర్చిపోయాడట. పదిహేనేళ్ళూ చేతికి తగిలింది అదొక్కటే కాబట్టి అది ఉంచుకోబుద్ధేసిందట.

చక్రం మార్చే పని ఎవరికీ ఇవ్వలేదు. నేల మీద కూలబడి తనే బోల్టులన్నీ విప్పి బిగించాడు. లేవడానికి బావగారు చెయ్యిచ్చారు.

పలుపు ఆయన ముందు పెట్టాను. బాబాయ్, ఇది మా ఎర్ర గుర్రానిది, మా ఆయన గుర్రం, ఇది మీ దగ్గర పెట్టుకోండి, ఆ స్పానర్ నాకివ్వండి అన్నాను. ఆయన తోలు వాసన చూశాడు. మంచి గుర్రమా అన్నాడు. చాలా మంచిది అన్నాను. ఇచ్చేటప్పుడు నా వేళ్ళు దాన్ని వదల్లేదు, ఒకటికి రెండుసార్లు లాక్కోవాల్సొచ్చింది పాపం ఆయన. ఎసెన్ చెయ్యి అరిగించిన చోటు దాని మీద ఇంకా నున్నగా ఉంది. ఏడుపొచ్చింది. ఏడ్చాను, ఈసారి అందరి ముందే.

ఆయన పలుపు మడిచి కోటులో పెట్టుకున్నాడు. స్పానర్ సీటు కింద, ఎప్పుడూ ఉండే చోట పెట్టాడు. ఆ గుడ్డలోనే.

ఈగలు ఒక్కొక్కటే లోపలికి చేరుతున్నాయి.

జూన్ 15, ఆదివారం

తెల్లవారుతూనే కనుమ దాటాం. బావగారు వెనకే వచ్చారు, మమ్మల్ని దాటలేదు. చలికి బండి మూడుసార్లు దగ్గింది.

కోక్-సాయ్ ఆఖరి మలుపు తిరగ్గానే చూశాను. వాలు మొత్తం ఆకుపచ్చగానే ఉంది గానీ, కింద ఏటి పక్క మూల మాత్రం గులాబీ రంగు పాకింది. దుప్పటంత మేర. నిన్న వచ్చి ఉంటే అదీ ఉండేది కాదేమో. కాలు బ్రేక్ మీదకి పోయింది. అత్తమ్మ ఏమే ఆపావు అంది. ఏమీ లేదన్నాను.

బావగారు దిగి నిలబడ్డారు. ఆయనా అటే చూస్తున్నారు. చూసి నన్ను చూశారు. నేను తల దించుకున్నాను. పందెం పందెమే. ఆయన చెవి వాచి చెంప దాకా వచ్చింది, నిన్న కుట్టినది.  తర్వాత, మాట అన్నది నేనే కదా, తీర్పు అమ్మది అన్నారు.

అత్తమ్మ దిగింది. గౌను దులుపుకుంది. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టి, ఆ చివర్నుంచి ఈ చివరికి, తల మెల్లగా తిప్పుతూ చూసింది. ఏటి వైపు కూడా తిప్పింది. 

ఒక్క పువ్వూ కనపడ్డంలేదురా నాకు అంది.

అమ్మా, అదిగో, ఏటి పక్కన అన్నారు ఆయన. ఏ ఏరు అంది. అమ్మా అన్నారు మళ్ళీ. నీకు కనపడితే నువ్వే తీర్పరిగా ఉండాల్సింది, నన్నెందుకు పెట్టావు, గుడ్డిదని పెట్టావా తల్లినని పెట్టావా అంది.

 వాచిన చెంపతో నవ్వితే నొప్పి పుట్టినట్టుంది, చెంప పట్టుకుని నవ్వారు. నా బండి దగ్గరికి వచ్చి వెనక రేకు దించారు. మొదటి పెట్టె ఆయనే దించారు. ఎక్కడ పెట్టమంటావ్ అమ్మాయ్ అని అడిగారు. నన్ను ఒక చోటు అడగడం అదే మొదటిసారి. ఏటికి ఎగువన, ఎండ తగిలే చోట అన్నాను.

బావగారి పేరు కాసిమ్. ఒక్కసారి రాశాను. ఇంకెప్పుడూ రాయను.

జూన్ 19, గురువారం

ఇవాళ వాలు మొత్తం పూసింది. అత్తమ్మ బండి మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ, మొన్న ఏటి పక్కన ఉన్నంత ముదురు రంగు రాలేదే అంది.